వ్యసనమా? వ్యథా? : విద్యార్థుల ఒంటరితనం, అంతర్జాల వినియోగం – ఒక భావన చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో 'వ్యసనం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మానలేని చెడు అలవాటు. రెండోది ఆపద, దుఃఖం. నేటి వాడుకలో మొదటి అర్థమే బలంగా నిలిచింది. రెండోది 'వ్యసనపడు' వంటి పాత క్రియారూపాల్లో మాత్రమే కనిపిస్తుంది. ఒక విద్యార్థి రాత్రంతా ఫోను విడవకుండా కూర్చుంటే దానిని వ్యసనమనే అంటున్నాం. అయితే ఏ అర్థంలో అంటున్నామో ఆలోచించడం లేదు. అతడు చెడు అలవాటుకు లోబడ్డాడా, లేక ఏదో దుఃఖంలో ఉండి అక్కడ ఊరట వెతుక్కుంటున్నాడా?

అంతర్జాలం సామాన్యులకు అందిన 1990ల నడుమ నుంచి మనస్తత్వశాస్త్రం ఇదే ప్రశ్నను వేరే మాటల్లో అడుగుతూ వచ్చింది. అంతర్జాలం ఒంటరితనానికి కారణమా, లేక ఒంటరితనమే అతిగా అంతర్జాలంలో ఉండడానికి కారణమా అన్నది ఆ చర్చ. ఆ చర్చకు ఆధారమైన పరిశీలనల్లో అధికభాగం విద్యార్థులపైనే జరిగాయి. ఆ చర్చ ఎక్కడ మొదలై, ఏ మలుపులు తిరిగి, ఎక్కడికి చేరిందో కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. పరిశోధన మొదటి అర్థం నుంచి రెండో అర్థం వైపు నడిచిందని, సమాజం మాత్రం, అందులో తెలుగు సమాజం కూడా, ఇంకా మొదటి అర్థం దగ్గరే ఆగి ఉందని ఇందులోని ప్రతిపాదన.

1. ఒంటరితనం: మాట, కొలత

అంతర్జాలం రాకముందే ఒంటరితనం పరిశోధనాంశమైంది. అయితే చాలా ఆలస్యంగా అయింది. మనోవైద్యురాలు ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ ఒంటరితనంపై రాసిన వ్యాసం ఆమె మరణానంతరం 1959లో వెలువడింది. మానసిక స్థితులన్నింటిలోనూ శాస్త్రం సరిగా నిర్వచించుకోలేకపోయిన వాటిలో ఇది ఒకటని ఆమె అందులో వాపోయింది. 1973లో రాబర్ట్ వైస్ తన గ్రంథంలో ఒంటరితనాన్ని రెండుగా విభజించాడు. అత్యంత ఆత్మీయమైన ఒక బంధం లేకపోవడం వల్ల కలిగేది భావోద్వేగపరమైన ఒంటరితనం. స్నేహబృందం, ఇరుగుపొరుగు, సమాజంలో చోటు లేకపోవడం వల్ల కలిగేది సామాజికమైన ఒంటరితనం. ఒకదాని లోటును మరొకటి పూడ్చలేదన్నది వైస్ సిద్ధాంతంలో కీలకాంశం.

ఈ విభజనకు తెలుగులో సహజమైన మాటలే ఉన్నాయి. మన వాడుకలో 'నేను ఒంటరిని' అనేవారు తక్కువ. 'నాకంటూ ఎవరూ లేరు', 'నా అనేవాళ్ళు లేరు' అనేవారే ఎక్కువ. ఇది వైస్ చెప్పిన మొదటి రకం. 'నలుగురిలో కలవడు', 'నలుగురిలో తిరగడు' అన్నప్పుడు సూచించేది రెండో రకం. 'నా అనేవాళ్ళు' వేరు, 'నలుగురు' వేరు. నలుగురి మధ్య ఉండి కూడా నా అనేవాళ్ళు లేని స్థితి ఉంటుంది. వసతిగృహంలోని విద్యార్థి స్థితి తరచుగా ఇదే. ఇక ఏకాంతం ఈ రెండింటికీ భిన్నం. అది మనిషి కోరి తెచ్చుకునేది. ఒంటరితనం కోరకుండా వచ్చేది. 1982లో లెటిషియా ఆన్ పెప్లా, డానియెల్ పెర్ల్‌మన్ ఇచ్చిన నిర్వచనం ఈ తేడాను స్పష్టం చేసింది. మనిషి కోరుకునే సంబంధాలకూ అతనికి దక్కిన సంబంధాలకూ మధ్య ఉన్న అంతరమే ఒంటరితనమని వారు చెప్పారు. అంటే చుట్టూ ఎంతమంది ఉన్నారన్న లెక్కతో దానిని తేల్చలేం.

ఈ అంతరాన్ని కొలవడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో డాన్ రస్సెల్, పెప్లా, ఫెర్గూసన్ 1978లో 20 వాక్యాల మాపకాన్ని రూపొందించారు. ఆ ప్రాంగణం పేరుతోనే అది యూసీఎల్ఏ ఒంటరితన మాపకంగా ప్రసిద్ధమైంది. మొదటి రూపంలో వాక్యాలన్నీ లోటును చెప్పేవే. ఆ ఏకపక్షతను సవరించి 1980లో సగం వాక్యాలను అనుకూలార్థంలో మార్చారు. 1996లో మూడో రూపం వచ్చింది. ఈ మాపకం విద్యార్థులపైనే రూపుదిద్దుకుంది. మనస్తత్వశాస్త్ర శాఖలకు అందుబాటులో ఉండేది విద్యార్థులే కావడం ఇందుకు ఒక కారణం. కాబట్టి అంతర్జాలం విశ్వవిద్యాలయాలకు చేరేనాటికి విద్యార్థుల ఒంటరితనాన్ని కొలిచే సాధనం సిద్ధంగా ఉంది. దానితో ముడిపెట్టవలసిన రెండో భావనకే ఇంకా పేరు లేదు.

2. పరిహాసంగా పుట్టిన పేరు

ఆ పేరు 1995లో పరిహాసంగా పుట్టింది. న్యూయార్క్ మనోవైద్యుడు ఇవాన్ గోల్డ్‌బర్గ్ 'అంతర్జాల వ్యసన రుగ్మత' అనే లేని రోగాన్ని కల్పించి, దానికి లక్షణాల పట్టిక రాశాడు. మానవ ప్రవర్తనలన్నింటినీ రోగాలుగా వర్గీకరిస్తున్న నిర్ధారణ గ్రంథాల ధోరణిని వెక్కిరించడమే అతని ఉద్దేశం. కాని చదివినవారిలో కొందరు ఆ పట్టికలో తమను తాము చూసుకున్నారు. తమకూ అదే బాధ ఉందని చెప్పుకున్నారు. హాస్యంగా చెప్పిన పేరు ఒక నిజమైన బాధకు తగిలింది.

మరుసటి సంవత్సరమే ఆ పేరుకు శాస్త్రప్రతిపత్తి కల్పించే ప్రయత్నం జరిగింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం బ్రాడ్‌ఫర్డ్ ప్రాంగణానికి చెందిన కింబర్లీ యంగ్ 1996 ఆగస్టులో టొరంటోలో జరిగిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సమావేశంలో తన పత్రం సమర్పించింది. అది 1998లో ప్రచురితమైంది. అమెరికన్ మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం నాలుగో కూర్పులో జూదరితనానికి ఇచ్చిన లక్షణాలను ఆధారం చేసుకొని ఆమె ఎనిమిది ప్రశ్నల పట్టిక తయారుచేసింది. ఐదు లేదా అంతకు మించి 'అవును' అన్నవారిని వ్యసనపరులుగా లెక్కించింది. ఆ ప్రకారం 396 మంది వ్యసనపరులుగా, 100 మంది కానివారిగా తేలారు. మొదటి వర్గం వారానికి సగటున 38.5 గంటలు, రెండో వర్గం 4.9 గంటలు అంతర్జాలంలో గడిపినట్లు తేలింది.

ఈ పరిశోధనలో పాల్గొన్నవారు తమంతట తాముగా ముందుకు వచ్చినవారు కావడం వల్ల ఈ అంకెలను సమాజమంతటికీ అన్వయించలేం. కాని ఇందులో తరువాతి చర్చకు మూలమైన ఒక వివరం ఉంది. వ్యసనపరులుగా తేలినవారు తమ సమయంలో 35 శాతం కబుర్ల గదుల్లో, 28 శాతం అనేకులు కలిసి ఆడే అక్షరరూప ఆటల్లో గడిపారు. రెండూ ఇతరులతో మాట్లాడే చోట్లే. జూదరిని పట్టి ఉంచేది పాచిక. వీరిని పట్టి ఉంచింది ఎదుటి మనిషి మాట. యంగ్ లక్షణాలను జూదం నుంచి తీసుకుంది. ఆమెకు దొరికిన సమాచారం మాత్రం తోడు కోసం వెతికేవారిని చూపింది. ఈ వైరుధ్యం ఆనాడు అంతగా చర్చకు రాలేదు.

3. విద్యార్థి కేంద్రమైన తీరు

అమెరికా విశ్వవిద్యాలయాలు 1990లలో వసతిగృహాల గదులకు అంతర్జాల అనుసంధానం కల్పించాయి. వెల లేకుండా, వేళ లేకుండా అంతర్జాలం దొరికిన తొలి సమూహాల్లో విద్యార్థులు ఒకరు. ఇల్లు విడిచి, పెద్దల పర్యవేక్షణ లేకుండా, తన సమయాన్ని తానే నడుపుకోవలసిన మొదటి దశ కూడా అదే. ఈ రెండూ ఒక్కసారే సంభవించడం వల్ల విద్యార్థి పరిశోధకుల దృష్టికి వచ్చాడు. 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ ప్రాంగణంలో కాథ్లీన్ షెరర్ జరిపిన పరిశీలనలో, వారానికి ఒక్కసారైనా అంతర్జాలం వాడే విద్యార్థుల్లో 13 శాతం మందిలో వ్యసన లక్షణాలు కనిపించాయి.

1998లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ కాండెల్ ఇందుకు వయోధర్మపరమైన వివరణ ఇచ్చాడు. పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి రెండు పనులు ముఖ్యం: తానెవరో తెలుసుకోవడం, ఆత్మీయ సంబంధాలు ఏర్పరచుకోవడం. ఆ రెండింటినీ శ్రమ లేకుండా నెరవేర్చుతున్నట్లు కనిపించే సాధనం చేతికి అందితే, ఆ వయసువారు దానికి ఎక్కువగా లోనవుతారని అతని వాదం. విద్యార్థి బలహీనతను వ్యక్తిగత దోషంగా కాక, అతడు దాటుతున్న దశగా చూడడం ఈ వివరణలోని విశేషం.

ఒంటరితన మాపకాన్నీ అంతర్జాల వినియోగాన్నీ విద్యార్థుల విషయంలో ముడిపెట్టిన తొలి ముఖ్య పరిశీలన 2000లో వచ్చింది. జానెట్ మొరాహన్-మార్టిన్, ఫిలిస్ షూమాకర్ 277 మంది పట్టభద్రస్థాయి విద్యార్థులను పరిశీలించారు. వారిలో 8.1 శాతం మంది నాలుగు లేదా అంతకు మించిన లక్షణాలతో సమస్యకు లోనైనవారిగా తేలారు. వీరి ఒంటరితన స్థాయి తక్కినవారికన్నా ఎక్కువగా ఉంది. రెండింటికీ సంబంధం ఉందని అంకెలు చూపాయి. అయితే ఒకే సమయంలో తీసుకున్న అంకెలు సంబంధాన్ని చూపగలవే తప్ప ఏది ముందో, ఏది వెనుకో చెప్పలేవు.

అదే ఏడాది నేథన్ షాపిరా బృందం 20 మందిని వైద్యపరంగా పరిశీలించి 'సమస్యాత్మక అంతర్జాల వినియోగం' అనే పదబంధాన్ని వాడింది. ఇది కేవలం పేరు మార్పు కాదు. 'వ్యసనం' అంటే కారణాన్ని ముందే నిర్ణయించినట్లు. 'సమస్యాత్మక వినియోగం' అంటే కారణాన్ని తెరిచి ఉంచినట్లు. ఆ తరువాతి పరిశోధకుల్లో చాలామంది ఈ రెండో పేరు వైపు మొగ్గడానికి కారణం ఇదే.

4. విరోధాభాస: పిట్స్‌బర్గ్ కుటుంబాలు

ఏది ముందు అనే ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఒకే మనుషులను కొంతకాలం అనుసరించి చూడాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ క్రౌట్ బృందం ఆ పని చేసింది. పిట్స్‌బర్గ్ నగరంలోని 73 కుటుంబాలకు చెందిన 169 మందిని, అంతర్జాలం వారి ఇంటికి వచ్చిన తొలి ఒకటి రెండు సంవత్సరాల పాటు పరిశీలించింది. ఈ కుటుంబాల్లో కొన్నింటిని ఉన్నత పాఠశాలల పత్రికల్లో పనిచేసే విద్యార్థుల ద్వారా ఎంచుకున్నారు. 1998లో వెలువడిన ఫలితాలు కలకలం రేపాయి. అంతర్జాలం ఎక్కువగా వాడినవారిలో ఇంట్లోవారితో సంభాషణ తగ్గింది. సన్నిహితుల వలయం కుదించుకుపోయింది. నిరాశ, ఒంటరితనం కొద్దిగా పెరిగాయి. పరిమాణం స్వల్పమే అయినా పత్రికలు దీనిని పెద్ద అక్షరాలతో ప్రకటించాయి.

క్రౌట్ బృందం తన పత్రానికి పెట్టిన పేరును మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే 'విరోధాభాస'. మాట్లాడుకోవడానికి వాడే సాధనం మనిషిని ఒంటరిని చేయడమే ఆ విరోధం. విరోధాభాసాలంకారంలో విరోధం పైకి తోచేదే; అర్థం విచారిస్తే అది పరిహారమవుతుంది. ఇక్కడా అదే జరిగింది. అదే కుటుంబాలవారిని మూడేళ్ళ తరువాత మళ్ళీ పరిశీలించి 2002లో ప్రకటించిన పత్రంలో, మొదట కనిపించిన దుష్ఫలితాలు చాలావరకు అంతరించాయని ఆ బృందమే చెప్పింది. 1998–99లో 406 మంది కొత్తవారిపై జరిపిన మరో పరిశీలనలో మొత్తం మీద అనుకూల ఫలితాలే వచ్చాయి. అయితే అవి అందరికీ సమానంగా అందలేదు. కలుపుగోలుగా ఉండేవారు, అండదండలున్నవారు అంతర్జాలం వల్ల మరింత లాభపడ్డారు. ముభావంగా ఉండేవారికి, అండ లేనివారికి అది అంతగా కలిసిరాలేదు. ఉన్నవాడికే మరింత చేరినట్లు, తోడు విషయంలోనూ కలిమిలేములు మరింత దూరమయ్యాయి.

విద్యార్థుల విషయంలో మరో అంశం గమనించాలి. పాఠశాల చివరి సంవత్సరంలోని పిల్లవాడు ఏడాది తిరిగేసరికి ఊరూ స్నేహితులూ మారి కొంత ఒంటరి కావడం సహజం. ఆ ఏడాదిలోనే ఇంటికి అంతర్జాలం వస్తే, ఎడబాటు వల్ల కలిగిన దిగులు కూడా దాని లెక్కలోకే చేరుతుంది. ఈ జాగ్రత్త నేటి పరిశీలనలకూ వర్తిస్తుంది.

5. కారణమా, ఫలితమా?

2001లో ఆర్. ఎ. డేవిస్ ఈ చర్చకు ఒక సైద్ధాంతిక చట్రం ఇచ్చాడు. ఒక నిర్దిష్ట ప్రయోజనానికి, ఉదాహరణకు జూదానికి, అంతర్జాలాన్ని వాడేవారిలోని సమస్య ఒకటి. ఏ ప్రయోజనమూ లేకుండా అక్కడే కాలం గడిపేవారి సమస్య మరొకటి. మొదటిది అంతర్జాలం లేకపోయినా మరో రూపంలో ఉంటుంది. రెండోది అంతర్జాలంతోనే ముడిపడింది. దానికి మూలం ఆదరణ, తోడు లేకపోవడంలో ఉందని డేవిస్ సూచించాడు. యంగ్ జూదానికీ కబుర్లకూ వేసిన ముడిని ఈ విభజన విప్పింది.

స్కాట్ కాప్లాన్ దీనిని విద్యార్థులపై పరీక్షించాడు. 2003లో ప్రకటించిన పత్రంలో 386 మంది విద్యార్థుల సమాచారాన్ని విశ్లేషించి ఒక వరస చూపాడు. ఒంటరితనం, నిరాశ ఉన్న విద్యార్థి ఎదుటపడి మాట్లాడడం కన్నా అంతర్జాలంలో మాట్లాడడాన్ని ఎక్కువ ఇష్టపడతాడు. అక్కడ తాను సమర్థుడిననీ, తనకు ప్రమాదం లేదనీ అనుకుంటాడు. ఆ ఇష్టం నుంచి అదుపు లేని వినియోగం, దాని నుంచి చదువులో, సంబంధాల్లో నష్టం. ఈ వరసలో ఒంటరితనం మొదట ఉంది. 2007లో కాప్లాన్ తన వాదాన్ని తానే సవరించుకున్నాడు. ఎదుటివారి ముందు బెదురును కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ ఇష్టాన్ని వివరించేది ఒంటరితనం కన్నా ఆ బెదురే అని తేల్చాడు. నలుగురి ముందు నోరు విప్పలేని విద్యార్థి తెర వెనుక మాత్రమే మాట్లాడగలడు. ఉపాధ్యాయులకు ఈ సవరణ ముఖ్యం. తరగతిలో మాట్లాడనివాడు ఇక్కడి లెక్కల్లో ఎక్కడో ఒకచోట ఉంటాడు.

2009లో కిమ్, లారోజ్, పెంగ్ రాసిన పత్రం శీర్షికలోనే ఒంటరితనాన్ని సమస్యాత్మక వినియోగానికి కారణంగానూ ఫలితంగానూ పేర్కొంది. ఒంటరితనం తగ్గించుకోవడానికి విద్యార్థి అంతర్జాలాన్ని ఆశ్రయిస్తాడు. అదుపు తప్పిన వినియోగం చదువునూ ఉన్న కొద్దిపాటి సంబంధాలనూ దెబ్బతీస్తుంది. దానితో మొదటి ఒంటరితనం పెరుగుతుంది. పెరిగిన ఒంటరితనం మళ్ళీ తెర దగ్గరకే తీసుకుపోతుంది. అంటే ఇది సరళరేఖ కాదు, చక్రం. 2018లో రెబెకా నౌలాండ్, ఎలిజబెత్ నెకా, జాన్ కాచోప్పో అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించి దీనిని మరింత స్పష్టం చేశారు. ఉన్న సంబంధాలను బలపరచుకోవడానికీ కొత్తవి కలుపుకోవడానికీ వాడితే అంతర్జాలం ఒంటరితనాన్ని తగ్గిస్తుంది. మనుషుల నుంచి తప్పించుకోవడానికి వాడితే పెంచుతుంది. ఒంటరివారు రెండో విధంగా వాడే అవకాశం ఎక్కువ. కాబట్టి ఎన్ని గంటలు అన్న ప్రశ్న కన్నా ఎందుకు అన్న ప్రశ్న ప్రధానం.

స్మార్ట్‌ఫోన్ వ్యాప్తి తరువాత ఈ చర్చ వ్యక్తి స్థాయి నుంచి దేశాల స్థాయికి మారింది. జీన్ ట్వెంగీ బృందం 2021లో ప్రకటించిన పరిశీలనలో, 2012–2018 మధ్య 37 దేశాల్లో 36 దేశాల పాఠశాల విద్యార్థుల్లో ఒంటరితనం పెరిగింది. ఇందుకు స్మార్ట్‌ఫోన్, అంతర్జాల వ్యాప్తితో పొత్తు కనిపించింది. అయితే రెండు గ్రాఫులు కలిసి పెరిగినంత మాత్రాన ఒక పిల్లవాడి విషయంలో ఏది ముందో తేలదు. ఆ సమాచారానికి ఆధారమైన పీసా పరీక్షల్లో ఆ సంవత్సరాల్లో భారతదేశం పాల్గొనలేదు. కాబట్టి మన పిల్లల ఒంటరితనం ఆ లెక్కలో లేదు.

6. చట్టం, చికిత్స, శిక్ష

పరిశోధన ఇలా నడుస్తుండగా ప్రభుత్వాలు, ఆసుపత్రులు వేరే దారి పట్టాయి. దక్షిణ కొరియా 2011లో చేసిన చట్టం పదహారేళ్ళ లోపువారు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు గంటల వరకు అంతర్జాల ఆటలు ఆడకుండా నిషేధించింది. పదేళ్ళ అనుభవం తరువాత ఆ చట్టాన్ని రద్దు చేశారు. 2022 జనవరి నుంచి అది అమలులో లేదు. చైనాలో ఈ పిల్లల కోసం సైనిక క్రమశిక్షణతో శిబిరాలు వెలిశాయి. కొన్నిచోట్ల విద్యుదాఘాత చికిత్స కూడా చేశారు. 2009 జులైలో అక్కడి ఆరోగ్య మంత్రిత్వశాఖ ఆ చికిత్సను ఆపివేయించింది. దోషంగా చూసిన చోట విధానం ఎంతదాకా పోగలదో ఇది చూపుతుంది.

వైద్యశాస్త్రం మాత్రం ఆచితూచి అడుగు వేసింది. 2013లో వచ్చిన అమెరికన్ నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు అంతర్జాల ఆటల రుగ్మతను 'ఇంకా పరిశోధించవలసిన' వాటిలో చేర్చింది. 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ పదకొండో కూర్పు ఆటల రుగ్మతను గుర్తించింది. సాధారణ అంతర్జాల వ్యసనం ఈ రెండింటిలోనూ రోగంగా చోటు పొందలేదు. గోల్డ్‌బర్గ్ పరిహాసం పుట్టిన పాతికేళ్ళ తరువాత కూడా ఆ పేరు వైద్యగ్రంథాల గుమ్మం బయటే ఉంది.

భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అంతర్జాలం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఎనిమిదేళ్ళకే, 2003లో, నల్వా, ఆనంద్ అనే భారతీయ పరిశోధకులు 16–18 ఏళ్ళ పాఠశాల విద్యార్థులపై జరిపిన పరిశీలన అంతర్జాతీయ పత్రికలో వెలువడింది. అంతర్జాలంపై ఆధారపడిన విద్యార్థులు తక్కినవారికన్నా ఒంటరితనం ఎక్కువగా అనుభవిస్తున్నారని అది తేల్చింది. గంటకింత అని రుసుము చెల్లించే నెట్ సెంటర్ల కాలంలోనే ఈ ముడి ఇక్కడా కనిపించిందన్నది గమనార్హం. 2014లో బెంగళూరులోని నిమ్హాన్స్ సాంకేతికత మితిమీరిన వినియోగానికి ప్రత్యేక చికిత్సా విభాగాన్ని ప్రారంభించింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు పడిపోయాయి. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్‌తో తరగతి గదే ఫోనులోకి వచ్చింది. 'ఫోను పక్కన పెట్టి చదువుకో' అన్న పెద్దలే 'ఫోను పట్టుకొని చదువుకో' అనవలసి వచ్చింది.

7. తెలుగు మాటలు, తెలుగు విద్యార్థి

తెలుగు పత్రికల్లో, సభల్లో ఈ సమస్యకు వినిపించే మాటలు రెండు: వ్యసనం, బానిస. 'సెల్‌ఫోన్‌కు బానిసైన విద్యార్థి' అనే వాక్యంలో నేరం విద్యార్థిదిగా, యజమాని ఫోనుగా కనిపిస్తాయి. అతనికి ఎవరు లేరు, ఏది లేదు అన్న ప్రశ్నకు ఆ వాక్యంలో చోటు లేదు.

మన సంప్రదాయంలో 'వ్యసనం' అంత ఇరుకైన మాట కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణం పేరు వ్యసనాధికారికం. అందులో రాజ్యానికి వచ్చే విపత్తులూ, రాజుకు అంటే దురలవాట్లూ ఒకే పేరు కింద ఉన్నాయి. మనిషిని శ్రేయస్సు నుంచి దూరంగా విసిరివేసేది వ్యసనమని అక్కడి వ్యుత్పత్తి. కోపం వల్ల పుట్టేవి మూడు, కామం వల్ల పుట్టేవి నాలుగు; ఈ ఏడే మనకు సప్తవ్యసనాలు. వీటిలో జూదం ఒకటి. యంగ్ తన ప్రశ్నలను జూదం నుంచే తీసుకున్నదన్న విషయం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

జూదం వల్ల రాజ్యం పోగొట్టుకొని అడవిలో దుఃఖిస్తున్న ధర్మరాజుకు బృహదశ్వుడు నలోపాఖ్యానం చెప్పడం అరణ్యపర్వంలోని ప్రసిద్ధ ఘట్టం. నన్నయ తెలుగు చేసిన భాగంలోనిదే. నాకన్నా దుఃఖితుడు ఉన్నాడా అన్న ధర్మరాజు ప్రశ్నకు వ్యాసభారతంలో ఆ ముని ఇచ్చిన సమాధానం ఆలోచించదగినది. నలుడు అడవిలో తోడు లేకుండా ఉన్నాడు. నీ చుట్టూ తమ్ములూ విప్రులూ ఉన్నారు, కనుక నీవు శోకించదగదని అతడు ఓదార్చాడు. జూదం ఇద్దరిదీ. తేడా తోడులో ఉంది. వ్యసనం రెండు అర్థాలూ ఒకే కథలో కలిసిన చోట, ఓదార్పు మందలింపుగా రాలేదు.

ఈ వెలుగులో మన విద్యార్థి పరిస్థితిని చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి కాగానే వసతిగృహానికి చేరే పిల్లలు చాలామంది. ఇంటర్మీడియట్ దశలోని అనేక ఆవాస కళాశాలల్లో ఫోనుకు ప్రవేశం లేదు. ఇంటివారితో మాట కూడా నిర్ణీత వేళల్లో, వరసలో నిలబడి, పక్కవారు వింటుండగానే. తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి పడుకొనేవరకు చుట్టూ నలుగురే. నా అనేవాళ్ళతో నాలుగు మాటలకు తీరిక లేదు. రెండేళ్ళ తరువాత అదే విద్యార్థి ఇంజనీరింగ్ కళాశాలకు చేరేసరికి ఫోను, స్వేచ్ఛ, కొత్త ఊరు ఒక్కసారే వచ్చిపడతాయి. 1990లలో అమెరికా వసతిగృహ విద్యార్థికి సంభవించిన కలయికే ఇది. మన దగ్గర దానికి ముందు రెండేళ్ళ కరవు కూడా ఉంది. స్నేహం చేయడం, అలిగి మళ్ళీ కలవడం, నలుగురిలో నోరు విప్పడం అభ్యాసంతో వచ్చేవి. ఆ అభ్యాసానికి తగిన వయసులో చోటివ్వకుండా, తరువాత అతడు తెర వెనుక మాటలను వెతుక్కుంటే దానిని దురలవాటు అనడం సగం నిజమే.

సగం నిజం అనడానికి కారణం ఉంది. అదుపు తప్పిన వినియోగం వల్ల నిద్ర, చదువు, ఆరోగ్యం చెడడం వాస్తవం. కిమ్ బృందం చూపిన చక్రంలో ఆ భాగమూ ఉంది. సాధనాన్ని పూర్తిగా నిర్దోషిగా ప్రకటించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మనిషిని ఎక్కువసేపు నిలిపి ఉంచడానికే రూపొందించిన నేటి అనువర్తనాలు 1995 నాటి కబుర్ల గదుల వంటివి కావు. అయితే చక్రాన్ని ఎక్కడ ఆపాలన్నది ప్రశ్న. ఫోను లాక్కోవడం చక్రంలో ఒక ఆకును పట్టుకోవడం. ఊరికి దూరంగా ఉన్న పిల్లకు ఆ ఫోనే తల్లితో, చిన్ననాటి స్నేహితురాలితో మిగిలిన ఒక్క దారి అయితే, అది లాక్కోవడం ఉన్న తోడును కూడా తీసివేయడం అవుతుంది.

ముగింపు

ఇంతవరకు చూసిన చరిత్ర నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి: విద్యార్థి అంతర్జాల వ్యసనం అనే భావన పరిహాసంగా పుట్టి, జూదం లక్షణాలను అరువు తెచ్చుకొని రూపొందింది. అందువల్ల మొదటినుంచీ దానికి దోషారోపణ అంటుకొని ఉంది. రెండు: 1998 నుంచి 2018 వరకు జరిగిన పరిశోధన కార్యకారణ సంబంధాన్ని క్రమంగా సవరించి, ఒంటరితనం, బెదురు చాలాసార్లు ముందుంటాయనీ, మితిమీరిన వినియోగం వాటిని తిరిగి పెంచుతుందనీ తేల్చింది. మూడు: విధానాలు, వాడుక మాటలు ఈ సవరణను ఇంకా స్వీకరించలేదు.

మూడో అంశంలో తెలుగు శాఖల బాధ్యత ఉంది. ఒంటరితన మాపకాన్ని తెలుగులోకి తేవాలంటే ఒక్కొక్క ఆంగ్లవాక్యానికి మాటకు మాట పెడితే సరిపోదు. 'నా అనేవాళ్ళు', 'నలుగురు', 'తోడు', 'అండ', 'దిక్కు' వంటి మాటలను మన విద్యార్థులు ఏయే అర్థాల్లో వాడుతున్నారో, ప్రాంతాన్నిబట్టి అవి ఎలా మారుతున్నాయో ముందు సేకరించాలి. ఆ పని భాషాపరిశోధకులది. ఆ మాటల్లో అడిగితేనే విద్యార్థి తన స్థితి చెప్పగలడు. కొలత అంతా ఆ తరువాతిదే.

ఇక తరగతిలో, వసతిగృహంలో చేయవలసింది ఉపాధ్యాయులందరిది. రాత్రి రెండు గంటలకు ఫోను పట్టుకున్న విద్యార్థిని 'ఎంతసేపు చూస్తావు?' అని అందరూ అడుగుతారు. 'ఎవరితో మాట్లాడుతున్నావు? మాట్లాడడానికి ఎవరున్నారు?' అని అడిగేవారు తక్కువ. ఈ రెండో ప్రశ్న అడగగలిగిన నాడు వ్యసనం అనే మాటకు మనం మరచిన అర్థం తిరిగి వాడుకలోకి వస్తుంది.